ఊరి పిల్లలకు ప్రకృతి, భాష కలిపి నేర్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఊళ్లో 25 మంది పిల్లలు, 6 నుంచి 13 ఏళ్ల వాళ్లు. నడిపేది మీరిద్దరే. వారానికి రెండు పూటలు దొరుకుతాయి. చుట్టూ ఉన్న చెట్టూ చేమా, పురుగూ పుట్రా పరిచయం చేయాలి, తెలుగు చదవడం రాయడం గట్టిపడాలి, ఇంగ్లీష్ కూడా రావాలని తల్లిదండ్రులు అడుగుతున్నారు. శనివారం ప్రకృతి, ఆదివారం భాష అని టైమ్‌టేబుల్ వేసుకున్నారు. దానికి సిలబస్ ఎలా తయారుచేయాలన్నది మీ ప్రశ్న.

ముందు ఆ టైమ్‌టేబుల్ పక్కన పడేయండి. పన్నెండేళ్ల కిందట మొదలుపెట్టినప్పుడు నేనూ అచ్చం అలాగే వేసుకున్నాను. ప్రకృతి రోజున పిల్లలు బిలబిలమంటూ వచ్చేవారు. భాష రోజున సగం మందికి కడుపునొప్పి. తప్పు పిల్లలది కాదు. శనివారం కళ్లారా చూసిన దాన్ని వదిలేసి ఆదివారం 'అల, వల, తల' రాయమంటే ఎవరికి మాత్రం రాబుద్ధవుతుంది? రెండూ ఒకే పూటలో, ఒకే విషయం మీద జరగాలి. బయట చూసిందే లోపలికొచ్చి మాట కావాలి, ఆ మాటే రాత కావాలి. మీకు చెప్పదలచుకున్నది అసలు ఇంతే, మిగతాదంతా దాన్ని ఎలా చేయాలన్నదే.

నాకిది తెలిసొచ్చిన రోజు చెబుతాను. మొదటి వారం నేను పక్షుల చార్టులు పట్టుకెళ్లాను. రంగురంగులవి, ఖరీదైనవి. తొమ్మిదేళ్ల కుర్రాడొకడు ఒక బొమ్మ మీద వేలుపెట్టి "ఇది ఎక్కడుంటుంది?" అన్నాడు. నేను చూడలేదు, పుస్తకంలో ఉందంతే అన్నాను. "మరి మా దొడ్డెనక ఉండేది చూపించనా?" అన్నాడు. వాడికి చదువు రాదని అప్పటికే అందరూ నాకు చెప్పి ఉన్నారు. సరే పద అన్నాను.

గోడ నీడన పొడి ఇసుకలో గరాటుల్లాంటి చిన్న చిన్న గుంటలు, వేలి మందాన. వాడు నేలకు చెంప ఆనించి పడుకున్నాడు. ఒక చీమను గడ్డిపరక మీద ఎక్కించి గుంట అంచున వదిలాడు. చీమ జారింది. పైకి ఎక్కబోయింది. అడుగునుంచి ఎవరో చేటతో విసిరినట్టు ఇసుక ఎగిరి దాని మీద పడింది. మళ్లీ జారింది. ఈసారి ఇసుకలోంచి కొడవళ్లలాంటి రెండు కోరలు వచ్చి పట్టుకున్నాయి. పిల్లాడు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. నేనూ అంతే. ఆ పురుగును వాడు ఇసుకతో సహా అరచేతిలోకి ఎత్తి, "చూడండి, వెనక్కే నడుస్తుంది, ముందుకు నడవదు" అన్నాడు. నిజమే. అది పెరిగి పెద్దదై రెక్కలొస్తే తూనీగలా ఉంటుందన్న సంగతి మాత్రం వాడికి తెలియదు. నాకు తెలిసి వాడికి తెలియనిది ఆ రోజు అదొక్కటే.

లోపలికి వచ్చాక వాడి చేత జరిగింది చెప్పించి, చెప్పింది చెప్పినట్టు నేల మీద సుద్దముక్కతో రాశాను. "చీమ జారింది. పురుగు ఇసుక కొట్టింది." చదవమంటే వేలు పెట్టి గడగడా చదివేశాడు. గుర్తుపెట్టుకుని చెప్పాడే తప్ప చదవలేదు కదా అని మీరనొచ్చు. మొదటిసారి అంతే. కానీ మరుసటి వారం 'జారింది'లో 'జా'నీ, వాళ్ల చెల్లెలి పేరు జానకిలో 'జా'నీ వాడే పోల్చి చూపించాడు. తన నోటి మాట నేల మీద కనిపించాక అక్షరాలతో పని ఏమిటో పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు.

ఇది నేను కనిపెట్టింది కాదు. ఫ్రాన్స్‌లో సెలెస్టిన్ ఫ్రెనే అనే పల్లెటూరి పంతులు 1920ల్లోనే చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తులకు గాయమై గంటల తరబడి గొంతెత్తి పాఠం చెప్పలేని పరిస్థితి. అందుకని పిల్లల్ని ఊరిమీదకు నడకకు తీసుకెళ్లేవాడు. తిరిగొచ్చాక చూసింది చెప్పించి, రాయించి, చిన్న అచ్చుయంత్రం కొని పిల్లల చేతే అచ్చు వేయించాడు. ఆ కాగితాలను దూరాన ఉన్న బ్రిటనీ ప్రాంతంలో మరో ఊరి బడికి పంపితే, అక్కడి పిల్లలు తమవి పంపేవారు. తమ ఊరి గురించి ఏమీ తెలియని వాళ్లు చదువుతారనేసరికి పిల్లలు ఎంత వివరంగా రాస్తారో మీరే చూస్తారు. మేం వేరే ఊరి పిల్లలతో ఉత్తరాలు నడిపాం. "మా చెరువు పెద్దది" అని రాసినవాడికి "ఎంత పెద్దది?" అని తిరుగు ఉత్తరం వచ్చింది. ఆ తర్వాత నలుగురు కలిసి అడుగులు లెక్కపెడుతూ గట్టు చుట్టూ నడిచారు.

ఇక పూట ఎలా గడపాలంటారా. రెండు గంటలనుకుంటే, 40 నిమిషాలు బయట, ఒక 20 నిమిషాలు కూర్చుని మాటలు, అరగంట రాత, మిగిలింది ఆట, చదివి వినిపించడం. గడియారం పట్టుకుని కూర్చోకండి. కానీ మాటల సమయాన్ని మాత్రం ఎప్పుడూ ఎగ్గొట్టొద్దు. చాలామంది బయటినుంచి రాగానే "ఇప్పుడు రాయండి" అంటారు. నోట్లో మాట నలగకుండా కాగితం మీదకు రాదు.

నడకకు ఒక్కటే ప్రశ్న పెట్టుకోండి. "పదండి ప్రకృతిని చూద్దాం" అని బయల్దేరితే ఎవరూ ఏమీ చూడరు. "చీమలు ఒకే దారిలో ఎలా వెళ్తాయి?" అన్నది ప్రశ్న. బారు కనబడ్డాక ఐదు నిమిషాలు ఊరికే చూడనివ్వండి. తర్వాత ఒకరిని వేలితో ఆ బారుకు అడ్డంగా నేలను గట్టిగా రుద్దమనండి. వచ్చే చీమలు అక్కడ ఆగిపోతాయి, అటూ ఇటూ వెతుకుతాయి, కాసేపటికి మళ్లీ దారి కలుపుకుంటాయి. అవి నేల మీద వాసన వదులుతూ పోతాయని అప్పుడు చెప్పండి, ముందు చెప్పొద్దు. కొంచెం పెద్ద పిల్లలైతే మీరు చెప్పకుండానే "నేలకేదో పూస్తున్నాయి" అంటారు.

ఇలాంటి ప్రశ్నలు బోలెడు. ఎండలో ఉన్న కొమ్మకు, ఆకులతో సహా, పల్చటి ప్లాస్టిక్ సంచి కట్టి మూతి బిగిస్తే రెండు గంటల్లో లోపల నీటిబొట్లు చేరతాయి. ఆ నీళ్లెక్కడివి? 3 మీటర్ల తాడును వలయంగా ముడేస్తే దాదాపు మీటరు వెడల్పు వస్తుంది. దాన్ని చెట్టు నీడలో ఒకసారి, ఎండలో ఒకసారి పరిచి లోపల ఎన్ని రకాల మొక్కలున్నాయో లెక్కపెట్టమంటే, పేర్లు తెలియకపోయినా పని జరుగుతుంది. గడ్డిలో నడిచొచ్చాక బట్టలకు అంటుకున్న గింజలు పీకి, అవి ఎలా అంటుకున్నాయో భూతద్దంలో చూడమనండి. ఒక పూటకు ఒక్కటి చాలు. రెండోది పెట్టాలని మనకు చెయ్యి దురద పెడుతుంది, ఆపుకోవాలి.

వీటికి తోడు ఏడాది పొడుగునా సాగే పని ఒకటుండాలి. ఇద్దరికి ఒక చెట్టు. వారం వారం దాన్ని చూసి ఒక్క వాక్యం రాయాలి. మొగ్గ, పూత, పిందె, కాయ, దోర, పండు... ఇన్ని దశలకు మనకు విడివిడి మాటలున్నాయి. చెట్టును ఏడాదిపాటు చూసిన పిల్లలకు వీటి తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. నిజానికి చాలామందికి ఈ మాటలు ఇంట్లోనే వచ్చు, బడి పుస్తకంలో అవసరం రాక మూలన పడి ఉంటాయంతే.

క్రియల దగ్గర నేనో చిన్న నియమం పెట్టుకున్నాను. రాసేటప్పుడు 'ఉంది', 'వెళ్లింది' అనే రెండు మాటలు వాడకూడదు. "ఉడత చెట్టు మీద ఉంది" కుదరదు. పాకిందా, దూకిందా, గెంతిందా, నక్కి కూర్చుందా? ఒకసారి గొంగళిపురుగు 'పాకుతుందా, దేకుతుందా' అన్నదాని మీద మా పిల్లలు అరగంట కొట్టుకున్నారు. చివరికి మళ్లీ బయటికెళ్లి చూసొచ్చారు. వ్యాకరణం పేరెత్తకుండా క్రియల పాఠం అయిపోయింది. అలాగే రెండు నిమిషాలు కళ్లు మూసుకుని వినిపించిన శబ్దాలన్నీ రాయమనండి. గలగల, రెపరెప, చిటపట లాంటివి తెలిసినవే, వాటితోపాటు ఏ నిఘంటువులోనూ లేనివి వాళ్లు పుట్టిస్తారు. వాటికి స్పెల్లింగ్ తప్పులు దిద్దకండి, ఎందుకంటే ఒప్పేమిటో మనకూ తెలియదు.

ఇప్పుడు అక్షరాల సంగతి. దీని మీద నాకు కాస్త పట్టుదల ఎక్కువ. మామూలుగా అక్షరమాల, తర్వాత గుణింతాలు, ఆ తర్వాతెప్పుడో ఒత్తులు అన్న వరసలో నేర్పుతాం. పిల్లల చుట్టూ ఉన్నవాటి పేర్లు ఒక్కసారి రాసి చూడండి. చెట్టు, పిట్ట, పుట్ట, గట్టు, గడ్డి, మొక్క, రెక్క, చుక్క, మొగ్గ, పువ్వు, మబ్బు, కొమ్మ, ముల్లు. అన్నీ ద్విత్వాలే! ఒత్తులు చివరికి నెట్టడమంటే, బయట చూసినదాన్ని రాయడానికి పిల్లాడు ఏడాది ఆగాలన్నమాట. అప్పటికి ఆ ఉత్సాహం ఎక్కడుంటుంది?

అందుకని నేను చేసేది ఇలా. మొదటి మూడు నాలుగు వారాలు ఒత్తు లేని మాటలు: ఆకు, వాన, కాకి, చీమ, ఈగ, వేరు, నీడ, గూడు, తోక, రాయి. ఇవన్నీ చూసినవీ పట్టుకున్నవీ కాబట్టి గుణింతాలు వేరే వల్లె వేయించనక్కర్లేదు, మాటతోపాటే వస్తాయి. ఐదో వారానికల్లా ట ఒత్తు. చెట్టు, పిట్ట, పుట్ట, గట్టు ఒక కుటుంబం. తర్వాత క ఒత్తుతో మొక్క, రెక్క, చుక్క, నక్క. అక్షరం తన రూపంతోనే కిందకు దిగినట్టుండే ఒత్తులు ముందు, అసలు పోలికే లేని త, న, మ, య, ర, ల ఒత్తులు తర్వాత. అంటే కొమ్మ, ముల్లు, గొయ్యి కాస్త ఆలస్యంగా వస్తాయి. ఈలోగా పిల్లాడు 'కొమ' అని రాస్తే రాయనివ్వండి. ఎర్ర సిరా బయటికి తీయకండి. కింద మీరు సరైన రూపం రాసి చదివి వినిపిస్తే చాలు.

6 ఏళ్లవాళ్లనూ 13 ఏళ్లవాళ్లనూ ఒకే చోట కూర్చోబెట్టి రాయించడం మాత్రం కుదరదు. నడకకు అందరినీ కలపండి, పెద్దవాళ్ల చేయి పట్టుకుని చిన్నవాళ్లు నడుస్తారు. రాతకొచ్చేసరికి వయసు చూడకుండా స్థాయిని బట్టి విడగొట్టండి. ప్రథమ్ సంస్థ పిల్లలకు చదవడం నేర్పే తన పద్ధతిలో చేసేది ఇదే. అక్షరం చదవగలరా, మాట చదవగలరా, చిన్న పేరా చదవగలరా, కథ చదవగలరా అని ఒక్కొక్కరినీ విడిగా అయిదు నిమిషాలు చూస్తే ఎవరెక్కడున్నారో తెలిసిపోతుంది. పన్నెండేళ్లవాడు మాటల గుంపులో పడితే వాడికి సిగ్గుగా ఉంటుంది. అలాంటివాళ్లకు చిన్నపిల్లలు చెప్పేది రాసిపెట్టే పని ఇవ్వండి. చదువుకుంటున్నట్టు కాకుండా సాయం చేస్తున్నట్టు ఉంటుంది.

కొందరు పిల్లల ఇంటి భాష తెలుగు కాకపోవచ్చు. వాళ్లు మాట్లాడకుండా మూల కూర్చుంటే తెలివి లేదనుకుంటాం. ఒక పెద్ద నోటుబుక్కు పెట్టండి, పేర్ల పుస్తకం అందాం. ఒక్కో పేజీలో ఒక్కో చెట్టో పురుగో బొమ్మ, దాని కింద ఎవరింట్లో దాన్ని ఏమంటారో అన్నీ. నేను పైన చెప్పిన ఇసుక పురుగుకు మా పుస్తకంలో అయిదు పేర్లున్నాయి. తన ఇంటి మాట ఆ పేజీలోకి ఎక్కిన రోజునుంచి ఆ పిల్ల నోరు విప్పుతుంది. మాతృభాషలోనే చదువు మొదలవ్వాలని యునెస్కో నిపుణులు 1953లోనే చెప్పారు. మనకు అంత పెద్ద మాటలు అవసరం లేదు, ఒక పేజీలో చోటిస్తే చాలు.

ఇంగ్లీష్ గురించి తల్లిదండ్రుల టెన్షన్ నాకు తెలుసు. వద్దనకండి, మొదటి రోజు నుంచే పెట్టండి, కానీ చెవితో. అమెరికన్ సైకాలజిస్టు జేమ్స్ ఆషర్ 1960ల్లో ఒక పద్ధతి ముందుకు తెచ్చాడు. నేర్పేవాళ్లు ఆజ్ఞలిస్తారు, నేర్చుకునేవాళ్లు మాట్లాడకుండా ఆ పని చేసి చూపిస్తారు. నడకకు ఇంతకన్నా అతికే పద్ధతి లేదు. స్టాప్. లిజన్. లుక్ అండర్ ద స్టోన్. పుట్ ఇట్ బ్యాక్. డోంట్ టచ్. వీటికి అర్థం చెప్పే పనే లేదు, చేస్తే తెలుస్తుంది. రెండు మూడు నెలలకు పిల్లలే ఒకరికొకరు ఆజ్ఞలు ఇచ్చుకుంటారు. రాతకు ముందు మూడు వాక్యాలు చాలు: ఐ సీ ఎ స్పైడర్, ఇట్ హ్యాజ్ ఎయిట్ లెగ్స్, ఇట్ ఈజ్ క్లైంబింగ్. సాలెపురుగు కాళ్లు తెలుగులో లెక్కపెట్టి ఉంటేనే ఆ 'ఎయిట్' నిలుస్తుంది. తెలుగులో తెలియని సంగతిని ఇంగ్లీష్‌లో చెప్పించకండి, చిలకపలుకులవుతాయి.

తల్లిదండ్రులకు కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ చెప్పింది చెప్పొచ్చు. చుట్టూ ఇంగ్లీష్ ఉన్న దేశానికి వలసొచ్చిన పిల్లలు కూడా ఆటపాటల ఇంగ్లీష్ దాదాపు రెండేళ్లలో పట్టుకుంటారు గానీ, చదువుకు కావాల్సిన ఇంగ్లీష్‌కు 5 నుంచి 7 ఏళ్లు పడుతుందన్నాడు. ఇంటి భాషలో గట్టిపడిన చదువు రెండో భాషకు అక్కరకొస్తుందన్నాడు కూడా. ఇంగ్లీష్ వినబడని ఊళ్లో ఆరు నెలల్లో దంచికొడతారని మీరు మాటిచ్చారంటే ఇరుక్కుంటారు. నేను ఇరుక్కున్నాను.

జాగ్రత్తలు. ఒకసారి పొద కదిపి కందిరీగల తుట్టెను లేపాం. ముగ్గురికి కుట్టాయి, ఒక పాపకు మొహమంతా వాచింది. తప్పు నాదే, ముందురోజు వెళ్లి ఆ దారి చూసి రాలేదు. అప్పటినుంచి ముందు రోజు నడవని దారిలోకి పిల్లల్ని తీసుకెళ్లలేదు. మీరిద్దరే 25 మందిని ఒకేసారి బయటికి తీసుకెళ్లకండి. ఆరేడుగురికి ఒక పెద్ద మనిషి ఉండాలి. ఊళ్లో తీరిక ఉన్న అమ్మలు, ఇంటర్ చదివే పిల్లలు వస్తారు, అడగండి. ఏ పెద్దవాళ్లూ ఒంటరిగా ఒక పిల్లతోనో పిల్లాడితోనో ఉండకూడదు, ఇది మీకూ వర్తిస్తుంది. లోతు నీళ్ల దగ్గరికి అసలే వద్దు. ఏదీ నోట్లో పెట్టొద్దు. చెయ్యి పెట్టేముందు కర్రతో కదపాలి, ఎత్తిన రాయిని ఎలా ఉందో అలాగే పెట్టాలి. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయొద్దు. పిల్లను కదలనివ్వకుండా, నడిపించకుండా ఆసుపత్రికి చేర్చాలి. అందుకు బండి ఎవరిదో ముందే మాట్లాడి ఉంచుకోండి.

సామాన్ల మీద డబ్బు తగలేయకండి. నాలుగు భూతద్దాలు, తాడు, గీతల్లేని నోటుబుక్కులు, సుద్దముక్కలు, ఒక తెల్ల దుప్పటి. దుప్పటి ఎందుకంటే, చీకటి పడ్డాక తీగకు ఆరేసి వెనక దీపం పెడితే రెక్కల పురుగులు వచ్చి వాలతాయి. ఆ రాత్రికి ఇంటిల్లిపాదీ వస్తారు, మీటింగ్ పెట్టి పిలిస్తే రానివాళ్లు కూడా.

అడవులు పోతున్నాయి, భూమి వేడెక్కుతోంది అని చిన్నపిల్లల దగ్గర మొదలుపెట్టొద్దు. డేవిడ్ సోబెల్ అనే అమెరికన్ విద్యావేత్త నాలుగో తరగతిలోపు పిల్లలకు ఈ విషాదాలు వద్దంటాడు. నాకూ అదే సబబనిపిస్తుంది. భయపడ్డవాడు దగ్గరికి రాడు. పెద్ద పిల్లలు వాళ్లంతట వాళ్లే అడుగుతారు, అప్పుడు దాచకుండా చెప్పండి.

ప్రగతి ఎలా కొలవాలని మరో ప్రశ్న అడిగారు. పరీక్షలు పెట్టకండి, పోటీలు అసలే వద్దు. మొదటి వారం పేజీ దాచి, పదో వారం పేజీ పక్కన పెట్టి ఆ తల్లికే చూపించండి. పొలం పనుల రోజుల్లో, బడి పరీక్షలప్పుడు సగం మంది రారు. దానికి కుంగిపోకుండా ఆ వారాలు ముందే ఖాళీగా వదిలేయండి. ఒక దాత మా దగ్గరికొచ్చి ప్రతి నెలా హాజరు శాతం, మార్కుల పట్టిక కావాలన్నారు. ఏడాదిపాటు అవి నింపడానికే మా సాయంత్రాలు పోయాయి. తర్వాత ఆ డబ్బు వదులుకున్నాం.

సిలబస్ అడిగారు కాబట్టి మొదటి నాలుగు వారాలకు ఇస్తాను. చీమల బారు, సంచిలో నీళ్లు, తాడు వలయం, బట్టలకంటిన గింజలు. అయిదో వారానిది మీరు రాయొద్దు. మొదటిరోజే ఒక ఖాళీ డబ్బా పెట్టి, ఎవరికి ఏ అనుమానం వచ్చినా చీటీ రాసి వేయమనండి, రాయడం రానివాళ్లవి మీరు రాసి వేయండి. మా డబ్బాలోంచి మొట్టమొదట తీసిన చీటీలో 'చీమలు నిద్ర పోతయా' అని ఉంది. జవాబు నాకు తెలియదన్నాను. ఆ వారం నడక పొద్దున పెట్టలేదు. రాత్రి ఏడున్నరకు టార్చిలైటుకు ఎర్ర కాగితం చుట్టి, పదిమంది పిల్లలు, ముగ్గురు అమ్మలు, నేనూ చీమల పుట్ట చుట్టూ గొంతుక్కూర్చున్నాం.